కోయని చాపు

మగ్గాలు ఆగితే మా వీధిలో కుక్కలు కూడా లేచి నిలబడేవి.

మాది కట్టంగూరుకు కొంత దూరంలో, పెద్ద రోడ్డు వదిలి బండిబాటన లోపలికి వస్తే తగిలే ఊరు. మా వీధి మొత్తం నేతవాళ్లే. పొద్దు పొడిచింది మొదలు దీపాలు పెట్టేదాకా ప్రతి ఇంటి మగ్గం గుంటలోంచీ ఒకటే చప్పుడు. ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాళ్లకు అది వినిపించదు. ఆగినప్పుడే వినిపిస్తుంది.

నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఊళ్లో తిరుగుబాటు నడిచిన రోజుల్లో, అదే మా వీధికి కాపలా. ఊరి దొర ఉండే గడి మనుషులు గాని, నవాబు పోలీసులు గాని వీధి మొదట్లో కనపడగానే మొదటి ఇంటాయన మగ్గం ఆపేవాడు. అది విని పక్క ఇల్లు, దాన్ని విని ఆ పక్క ఇల్లు. నిశ్శబ్దం ఇంటి నుంచి ఇంటికి నడిచి వచ్చేది. గుర్రం కంటే ముందు మా గుమ్మం చేరేది. దాగవలసినవాళ్లు ఆలోపే వెనక దొడ్డి దాటి గుట్టల్లోకి పోయేవాళ్లు. ఆ కాలం గడిచిపోయి నవాబు రాజ్యం కూలి ఏళ్లయినా నాయినను కన్న అవ్వకు మాత్రం ఆ అలవాటు పోలేదు. ఎవరింట్లోనో చావు అయి వీధి ఆగినా సరే, చాటలో బియ్యం వదిలేసి తల ఎత్తేది.

"ఎవరొస్తుండ్రు?" అనేది.

గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకాల్లో స్వాతంత్ర్య పోరాటం అంటే తెల్లవాళ్ల మీద పోరాటమే. మా వీధిలో తెల్లదొరను చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ తెల్లవాళ్ల నీడన నవాబు ఉన్నాడనీ, నవాబు నీడన మా దొర ఉన్నాడనీ, ఆ నీడలన్నీ చివరికి వచ్చి పడింది మా ఊరి గడి ముంగిట్లోననీ నేను చదివి తెలుసుకున్నది కాదు. మా తాత చావు గురించి అవ్వ చెప్పగా తెలిసింది.

మా వాళ్లు ధోవతులు జతగా నేస్తారు. ఒక ధోవతి అయ్యాక జానెడు మేర అడ్డదారం, పేక, వేయకుండా నిలువు దారాలు ఊరికే వదిలి, రెండోది మొదలుపెడతారు. ఆ జతను చాపు అంటారు. నేత పూర్తయ్యాక మగ్గానికి పసుపు, కుంకుమ పెట్టి, ఇంటి పెద్ద ఆ జానెడు ఖాళీలో చాకుతో కోసి రెండింటినీ వేరు చేస్తాడు. ఎవరింటి చాపు వాళ్లింట్లోనే కోస్తారు. గడి చాపు మాత్రం అట్లా కాదు. అది ఊరికే ఇవ్వాల్సింది, వెట్టి. పైగా కోయకుండా పట్టుకుపోవాలి. వీధి చివర చెప్పులు విడిచి, చాపు నెత్తిన పెట్టుకుని గడి లోపలికి పోవాలి. ముంగిట్లో ఒక కొస నేసినవాడు, ఇంకో కొస గడి మనిషి పట్టుకుని సాగదీసి నిలబడితే, దొర వచ్చి తన చాకుతో కోస్తాడు. దొర కోసేదాకా అది బట్ట కిందకు రాదు. దొర ఎప్పుడొస్తాడో దొర ఇష్టం. మా తాత ఒక ఎండాకాలం అట్లా నిలబడ్డాడట. దొర అన్నం తిన్నాడు, పడుకున్నాడు, లేచాడు. తాత చేతుల్లోంచి కొస జారి దుమ్ములో పడింది. తర్వాత తాత పడ్డాడు, మళ్లీ లేవలేదు. మైల పడ్డ చాపుకు బదులు ఇంకొకటి నేసి తెమ్మని చెప్పి, ఆయన్ని ఎడ్లబండి మీద ఇంటికి పంపారు.

ఆ బదులు చాపు నేసింది నాయిన. దాన్ని గడికి చేరనివ్వనిది నాయిన తమ్ముడు, మా చిన్నాయిన. అప్పటికి ఆయనకు మీసాలు కూడా సరిగ్గా రాలేదు. గడికి మోసుకుపోతున్న చాపును వీధి నడుమ దించి, అందరూ చూస్తుండగా చాకు తీసి కోశాడు. ఆ రోజు నాయిన ఇంట్లో మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడని అవ్వ చెప్పింది. నిష్ఠూరంగా చెప్పలేదు. ఆ రోజు ఎవరెక్కడ ఉన్నారో చెబుతూ, పెద్దోడు గుంటల ఉన్నడు అని, అంతే.

ఆ తర్వాత మంగలివాళ్లు, కుమ్మరులు, గొల్లలు ఒక్కొక్కరే గడికి పోవడం మానేశారట. పల్లెలన్నీ కర్రలు, వడిసెలలు పట్టాయి. దొర పట్నం పారిపోయాడు. గడి పాతర్లు తవ్వి ధాన్యం పంచుకున్నారు. తర్వాత నవాబు పోలీసులు వచ్చారు. నవాబు దిగిపోయాక కొత్త రాజ్యం పోలీసులు వచ్చారు. వాళ్ల జీపుల వెనకే దొర మనుషులూ వచ్చారు. ఎప్పుడో ఆ నడుమ చిన్నాయిన దొరికాడు. జైలు నుంచి తిరిగి వచ్చేసరికి కుడిచేతి వేళ్లు ముడుచుకోవు.

"ఏ రాజ్యపోళ్లు ఇరగ్గొట్టిండ్రురా?" అని అవ్వ ఎన్నిసార్లు అడిగేదో.

"చీకట్ల కనపడలే. వేళ్లనే అడుగు," అని నవ్వేవాడు.

అడ్డదారాన్ని అటూ ఇటూ విసిరే నాడె పట్టలేడు కాబట్టి అరుగు మీద కూర్చుని ఎడమచేత్తో రాట్నం తిప్పి కండెలు చుట్టేవాడు. అది ఆడవాళ్లు, పిల్లలు చేసే పని. నేనూ పక్కనే కూర్చుని చుట్టేదాన్ని. బడి మానిపించాక ఇంట్లో నాతో పుస్తకం గురించి మాట్లాడిన మనిషి ఆయనొక్కడే. నలుగురిలో నా నోరు పెగిలేది కాదు. రాట్నం తిరుగుతుంటే మాత్రం గొంతెత్తి చదివేదాన్ని. ఆ చప్పుడు మాటున నా గొంతు దాక్కునేది.

పంచాయతీ సమితి ఎన్నికలు వస్తున్నాయని ఊళ్లో అనుకుంటున్న ఎండాకాలంలో గడి తలుపు తెరుచుకుంది. అంతకుముందు ఏళ్లుగా ఆ తలుపు మూసే ఉండేది. ఒకరోజు పొద్దున ఇనుము ఒరుసుకున్న చప్పుడు వీధి చివర దాకా వచ్చింది. తర్వాత సున్నం వాసన. బయటి ఊరి కూలీలు గోడలకు సున్నం వేస్తున్నారు, గడి వెనక బావిలో పూడిక తీస్తున్నారు. పూడిక తీసిన రోజులన్నీ కుమ్మరివాడలో ఉండే ఒకామె వచ్చి ఆ బురద కుప్ప పక్కన నిలబడింది. ఆమె భర్త తిరుగుబాటు రోజుల్లో గడిలోకి పోయి తిరిగి రాలేదు. ఎవరూ ఆమెను పొమ్మనలేదు, ఎందుకొచ్చావనీ అడగలేదు. బురదలో పగిలిన బొక్కెనలు, ఒక గంట, కుళ్లిన తాళ్లు వచ్చాయి. ఆమె చివరి రోజు దాకా చూసి వెళ్లిపోయింది.

అప్పుడే మా ఇంటికి గడి గుమాస్తా వచ్చాడు. ముందు మగ్గాలు ఆగాయి. అవ్వ తల ఎత్తింది. నిశ్శబ్దం మా పక్క ఇంటి దాకా వచ్చాక సైకిలు కనపడింది.

"ఏమయ్యా, మంచిగున్నవా?" అన్నాడు గుమాస్తా, మా గుమ్మంలో వంగి.

నాయిన మగ్గం గుంటలోనే లేచి నిలబడ్డాడు. నడుము దాకా నేలలో ఉన్న మనిషి దండం పెడితే ఎట్లా ఉంటుందో ఆ రోజు చూశాను.

"దొర కొడుకు, చిన్న దొర వస్తుండు. ఇగ ఈడనే ఉంటడు. ఒక చాపు కావాలె, జర మంచి అంచు వెయ్యి. నీ చేతిదే కావాలన్నడు. పైసలిస్తడు, ఫికర్ చెయ్యకు. గా కాలం పోయింది."

"పైసలిస్తడా?" అన్నాడు అరుగు మీద నుంచి చిన్నాయిన. "గట్లయితే పొద్దు ఏ దిక్కున పొడిచిందో జర బయటికి పోయి చూసి రావాలె."

"చెయ్యి పోయినా నోరు పోలే నీకు."

"నోటికి సరిపోయే కర్ర వాళ్లకు దొరకలే."

గుమాస్తా కూడా నవ్వాడు. వెళ్లేటప్పుడు సైకిలు ఎక్కకుండా, మా వీధి చివర దాకా నడిపించుకుంటూ, ఒక్కో ఇంట్లోకీ తొంగి చూస్తూ పోయాడు.

నాయిన సంతోషంగానే మొదలుపెట్టాడు. పైసలిస్తానన్న మాట ఆయనకు పెద్దది. వెట్టి పోయిందనడానికి అంతకంటే రుజువు ఏం కావాలి? మంచి నూలు ఏరాడు, అంచుకు ఎర్రరంగు తానే దగ్గరుండి వేయించాడు. అవ్వ మాత్రం ఆ మగ్గం వైపు వీపు పెట్టి కూర్చునేది.

"చాపు ఎవరు కోస్తరో అడిగినవా?" అని ఒక్కసారి అడిగింది.

"పైసలిచ్చి కొనేదానికి అడుగుడేందే అవ్వా? కొన్నోళ్లందరి లెక్కనే."

నేతవాళ్లలో ఎవరైనా సరే, అమ్మే బట్టకు బేరం కుదిరిందంటే కోత తమ ఇంటిదే అనుకుంటారు. నాయినా అట్లాగే అనుకున్నాడు. అడగలేదు.

రెండో ధోవతి సగం దాటిన రోజు గుమాస్తా మళ్లీ వచ్చాడు. బట్టను వేళ్లతో తడిమి మెచ్చుకున్నాడు. పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు.

"చాపు కొయ్యకుండ్రి. ఎట్లున్నదట్లనే తేవాలె."

నాయిన చేతిలో నాడె ఆగింది. "ఎందుకు దొరా?"

"ముందటి లెక్కనే, చిన్న దొర తన చేతితోని కోస్తడు. పెద్దమనుషులొస్తరు, ఫోటో తీస్తరు. అట్లనే, చాపు పట్టుకొని నీ తమ్ముడు రావాలె. ఆయన్నే రమ్మన్నడు." అరుగు వైపు చూసి, "పాత ముచ్చట్లు పోవాలె గదా," అన్నాడు. ఆ మాట చాలా మెత్తగా అన్నాడు.

ఆయన వెళ్లాక కూడా వీధిలో మగ్గాలు చాలాసేపు మొదలు కాలేదు.

"గంతే గదా," అన్నాడు నాయిన, ఎవరి మొహమూ చూడకుండా. "ఘడియ సేపు నిలబడుడు. పైసలిచ్చే తీసుకుంటుండు."

"మీ నాయినకు గూడ గంతే అన్నరు," అంది అవ్వ.

"ఒద్దంటే ఏమైతదో నీకెరుక లేదా? నూలు ఇచ్చే సొసైటీల వాళ్ల మనుషులే. ఠాణాల వాళ్ల మనుషులే. రేపు సమితిల గూడ వాళ్లే."

చిన్నాయిన రాట్నం ఆపలేదు. "నేను పోత తియ్యి అన్నా. నిలబడుడే గదా. కూసోని చేసే పని ఎట్లాగూ సక్కగ చేస్తలేను," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "సదువు బిడ్డా, ఎక్కడ ఆపినవ్?" అన్నాడు. చదివాను. పేజీ తిప్పడం మరిచి అదే పేజీ మళ్లీ చదివాను. ఆయన కనిపెట్టాడు. రాట్నం తిప్పుతూనే ఉన్నాడు.

ఆ రోజుల్లో నేను డైరీలో చుక్క వాన లేదనీ, బావిలో నీళ్లు అడుగంటాయనీ రాసుకున్నాను. నా పెట్టె ఎవరూ తెరవరని తెలుసు. అయినా గడి అనే మాట రాయడానికి చెయ్యి రాలేదు.

చాపు పూర్తయిన మరునాడు పొద్దున చిన్నాయిన గడ్డం గీయించుకుని, ఉతికిన అంగీ తొడుక్కున్నాడు. నాయిన చాపును మడిచి, నడుమ దారాలు చిక్కుపడకుండా తడి గుడ్డ చుట్టి అరుగు మీద పెట్టాడు. జానెడు ఖాళీలోంచి దారాలు బయటికి వేలాడుతున్నాయి. చిన్నాయిన దాన్ని ఎత్తుకోవడానికి వంగాడు.

"నీ చెప్పులేవిరా?" అంది అవ్వ.

అందరం చూశాం. చెప్పులు గోడ పక్కన జతగా ఉన్నాయి. ఆయన ఉత్త కాళ్లతో గుమ్మం దాటి ఉన్నాడు. చెప్పులు విడిచి రమ్మని గుమాస్తా అనలేదు. ఎవరూ అనలేదు.

చిన్నాయిన తన కాళ్ల వైపు చూసుకున్నాడు. "యాద్‌మరిచిన," అన్నాడు. అన్నాడు గాని వెనక్కి వచ్చి తొడుక్కోలేదు. ఆయన మొహంలో నవ్వు లేకుండా నేను చూసింది అప్పుడే.

నాయిన లేచాడు. గూట్లోంచి చాకు తీశాడు. చాపు మీది తడి గుడ్డ విప్పి, నన్ను పిలిచాడు.

"బిడ్డా, గా కొస పట్టు."

పట్టుకున్నాను. ఇంకో కొస అవ్వ పట్టుకుంది. నాయిన ఆ జానెడు ఖాళీలో చాకు పెట్టాడు. దారాలు ఒక్కసారి తెగలేదు. చిన్న చిన్న గుంపులుగా, ఎండుగడ్డి కోసినట్టు చప్పుడు చేస్తూ తెగాయి. సగం దాకా వచ్చి ఆగాడు. ఇక ఆపేస్తాడనుకున్నాను. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని మిగతా సగం కోశాడు. పసుపు, కుంకుమ లేవు. అవ్వ తన కొస గుండెకు అదుముకుని కూర్చుండిపోయింది.

చిన్నాయిన వచ్చి నాయిన చేతిలోంచి చాకు తీసుకున్నాడు. పిల్లల చేతిలోంచి, తగలకుండా తీసినట్టు మెల్లగా తీసుకున్నాడు.

అప్పుడే వీధి మొదట్లో మగ్గం ఆగింది.

తర్వాత దాని పక్కది. తర్వాత ఇంకొకటి. మేం నలుగురం కదల్లేదు. వెనక దొడ్డి తలుపు తెరిచే ఉంది. చిన్నాయిన అటు చూశాడు, మళ్లీ ఇటు తిరిగాడు. నిశ్శబ్దం వచ్చి మా గుమ్మం ముందు నిలబడింది. దాని వెనక గుమాస్తా.

"ఏంది ఇంత ఆలిశం? అక్కడ ఫోటో ఆయన..." అంటూనే రెండు ధోవతులూ చూశాడు. ఒకటి అవ్వ ఒళ్లో, ఒకటి నా చేతుల్లో. తెగిన కొసను బొటనవేలితో రాసి చూశాడు.

"ఎవరు కోసిండ్రు?"

నాయిన నోరు తెరిచాడు.

"నేను," అన్నాడు చిన్నాయిన.

గుమాస్తా ఆయన ఎడమచేతిలో చాకు చూశాడు. నాయిన మొహం కూడా చూశాడు. ఆయనకు తెలియలేదని నేను అనుకోను. చిన్నాయిన పేరే వాళ్లకు పనికివచ్చే పేరు.

"మల్ల నువ్వేనా," అన్నాడు.

"నేనే. అలవాటైన చెయ్యి."

నాయిన తెరిచిన నోరు అట్లాగే ఉంది. గుమాస్తా ధోవతులు రెండూ తీసుకుని, పైసలు అరుగు మీద పెట్టి, "దొరకు చెప్త," అని వెళ్లిపోయాడు. కేకలేమీ లేవు. తిట్టినా బాగుండేదని, వంటింట్లోంచి అంతా విన్న అమ్మ ఆ సాయంత్రం అంది.

ఆ తర్వాత ఏమీ జరగలేదు. అదే భయం. చిన్న దొర మా వీధికి వచ్చి చేతులు జోడించి ఓట్లు అడిగాడు. అవ్వ కాళ్లకు దండం పెట్టాడు. చిన్నాయిన ముందు ఆగి, "చెయ్యి ఎట్లున్నది?" అని అడిగాడు. మేం నేసిన ధోవతే కట్టుకుని ఉన్నాడు. గెలిచాడు. గెలిచాక సొసైటీ నూలు వీధిలో అందరికీ వచ్చింది, మా ఇంటికి మాత్రం తర్వాత రమ్మన్నారు. ఠాణా నుంచి ఒక జవాను వచ్చి చిన్నాయిన పేరు, తండ్రి పేరు మళ్లీ రాసుకుపోయాడు. "ఊర్కెనే, పాత లెక్కలు సూస్తుండ్రు," అన్నాడు. మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే మాట అన్నాడు. ఆయన వచ్చిన ప్రతిసారీ మగ్గాలు ఆగేవి. కొన్నాళ్లకు వీధిలో వాళ్లు మా అరుగు మీద కూర్చోవడం తగ్గించారు. నేను వాళ్లను తప్పుపట్టను. వాళ్ల ఇళ్లలోనూ మగ్గం మీదికి ఎక్కవలసిన నూలు సొసైటీదే.

ఒకరోజు చిన్నాయిన మూట కట్టాడు. నందికొండ దగ్గర కృష్ణకు కట్ట కడుతున్నారు, మనుషులు కావాలట.

"ఒక చెయ్యి ఉన్నోనికి ఏం పనిస్తరు?" అంది అవ్వ.

"నీళ్లు పోసేటోనికి ఒక చెయ్యి చాలే. ఆడ ఊరంత మంది ఉంటరు. నన్నెవరు యాది పెట్టుకుంటరు?"

పెద్ద రోడ్డు దాకా నాయిన, నేను వెంట వెళ్లాం. బస్సు కనపడ్డాక నాయినకు మాట వచ్చింది.

"గడికి పోయి చెప్త. కోసింది నేనని చెప్త."

"నువ్వు కోసినవ్. నేను చూసిన," అన్నాడు చిన్నాయిన. "ఇగ చాలు. ఇంకెవ్వరికి ఎరుక గావాలె అన్నా?"

ఆయన కాళ్లకు చెప్పులు ఉన్నాయి. బస్సు ఎక్కేటప్పుడు నేను అవే చూశాను.

నాయిన ఆ తర్వాత ధోవతుల చాపు ఎత్తలేదు. తువ్వాళ్లు నేశాడు, చీరలు నేశాడు. ఎవరైనా ధోవతులు అడిగితే అంచు కుదరడం లేదని చెప్పేవాడు. గడి గోడలకు ఏటా సున్నం వేస్తున్నారు.

కొన్నేళ్లకు నాయినా నేనూ నందికొండ పోయాం. కొండంత రాళ్లు, క్రేన్లు, మనిషి మాట మనిషికి వినపడనంత మోత. చిన్నాయిన ఎండకు నల్లబడ్డాడు. రేకుల గుడిసె ముందు మాకు టీ పోసి, ఏం పుస్తకాలు చదువుతున్నావని నన్ను చెవి దగ్గర అరిచి అడిగాడు. నేనూ అరిచి చెప్పాను. అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

ఇంతలో సైరన్ మోగింది. రాయి పేలుస్తారు కాబట్టి యంత్రాలన్నీ ఆపేశారు. ఒకటి, దాని పక్కది, ఆ పక్కది. మోత మా వైపు ఆగుతూ వచ్చింది. చుట్టూ ఉన్న కూలీలు తాపీగా నీడకు నడుస్తూ గుట్ట వైపు చూస్తున్నారు, పేలేది అటే కాబట్టి.

చిన్నాయిన లేచి నిలబడ్డాడు. నాయినా లేచాడు. టీ గ్లాసులు చేతుల్లో అట్లాగే ఉన్నాయి. ఇద్దరూ గుట్ట వైపు చూడలేదు. మేం వచ్చిన బాట వైపు చూస్తున్నారు.

గుట్ట మీద రాయి పేలింది. కాళ్ల కింద నేల కదిలింది. అప్పుడు గాని ఆ అన్నదమ్ములు ఊపిరి వదలలేదు.